చిన్నరసం ఒక్కటే కాసింది

మా తోటలో అన్నీ బంగినపల్లి చెట్లే, ఒక్కటి తప్ప. బోరు పక్కనున్న ఆ ఒక్కటీ చిన్నరసం. మా తాత బాప్తిస్మం తీసుకున్న ఏడాది దాన్ని దేవుడికి ఇచ్చేశాడు. అప్పటినుంచి దాని కాయ మా ఇంట్లో ఎవరూ తినలేదు. కాపంతా బుట్టలకెత్తి, ప్రథమ ఫలాల ఆదివారం చర్చికి తీసుకెళ్లి బల్ల ముందు పెడతాం.

ఆరాధన చివర అయ్యగారు బెంచీల మధ్య నడుస్తూ ఒక్కొక్కరినీ ప్రార్థన అవసరం అడుగుతారు. ఒకరు కొడుకు ఉద్యోగం అంటారు, ఒకరు మోకాళ్ల నొప్పి, ఇంకొకరు ఇంటి స్థలం తగాదా. మా నాన్న మాత్రం ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు. "నాకేం వద్దండి అయ్యగారూ. ఆయనుంటే చాలు." ఇంటికొచ్చాక నాకూ అదే బోధ. కాయలడిగితే కాయలే ఇస్తాడు, అవి కుళ్లిపోతాయి, ఆయన్నే అడగాలి అనేవాడు. బంగినపల్లి విరగకాసిన ఏళ్లలో ఆ మాట నమ్మడం నాకేమీ కష్టం కాలేదు.

ఈ ఏడు పూత మీద నల్ల తామరపురుగు పడింది. మందులు మార్చి మార్చి కొట్టాం. పూత మాడి రాలింది, పిందె నిలవలేదు. అంతకుముందు రెండేళ్లూ అంతే. ఇక తోట తీయించి పామాయిల్ వేయడం తప్ప దారి లేదని నాన్న ఒప్పుకున్నాడు. చిన్నరసం మాత్రం కొమ్మలు వంగేలా కాసింది.

చర్చిలో బుట్టలు దించుతుంటే చూడటానికి అందరూ లేచి నిలబడ్డారు. ఇది దేవుని కార్యం అన్నారు అయ్యగారు మైకులో. లోకానిది పోయినా దేవునిది నిలిచిందన్నారు. బయట చెప్పులు వేసుకుంటుంటే మా మావయ్య నాన్న భుజం తట్టాడు.

"ఏం బావా, ఆయన చెట్టు ఆయన చూసుకున్నాడు. వచ్చే ఏడు తోటంతా ఆయన పేరున రాసెయ్, గొడవుండదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాన్నా నవ్వాడు. బండి మీద వస్తుంటే సగం దారిలో, నా వెనకనుంచి అన్నాడు. "నిజమే కదరా. ఆయనది కాపాడుకున్నాడు. మనది వదిలేశాడు. చేతకాక కాదు."

నేను డిప్లొమా చదివి హనుమాన్ జంక్షన్‌లో ట్రాక్టర్ల సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. ఇంజన్ ఆగితే కారణాలు వరసగా రాసుకుని, కానివి కొట్టేస్తూ పోతాను. చివరికి ఒకటి మిగులుతుంది. చెట్టు విషయంలోనూ అదే చేశాను. నేల ఒకటే. నీళ్లు ఒకటే. మందూ అన్నిటితోపాటే కొట్టాం. తేడా రకంలో ఉంది. చిన్నరసం ఆలస్యంగా పూసింది, అప్పటికి పురుగు ఉధృతి తగ్గింది. సరిచూసుకోవడానికి విస్సన్నపేట రోడ్డులో తెలిసినవాళ్ల తోటలకు వెళ్లాను. రసాలన్నీ కాశాయి. వాళ్లలో దేవుడికి చెట్టు ఇచ్చినవాళ్లు ఎవరూ లేరు.

ఇది నాన్నకు ఊరట అవుతుందనుకున్నాను. దేవుడు మమ్మల్ని పక్కన పెట్టలేదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? బోరు దగ్గర కూర్చుని ఉంటే వెళ్లి చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"అంటే మన చెట్లు పోవడం ఆయన పని కాదంటావు."

"కాదు నాన్నా. పూత టైము తేడా, అంతే."

"అయితే ఇది కాయడం కూడా ఆయన పని కాదు."

కాపు పోయినా ఆయన మిగులుతాడని నాన్న చెబుతూ వచ్చాడు. నా కారణాల వరసలో ఆయన్ని ఎక్కడ ఉంచాలో నాకు తెలియలేదు.

"మీ తాతప్పట్నుంచీ ఇటువైపు చూసినవాడే లేడన్నమాట," అన్నాడు నాన్న. కోపంగా కాదు. లేచి మోటారు ఆపేశాడు.

జేసీబీ వచ్చినరోజు డ్రైవరు చిన్నరసం దగ్గర ఆగి, "ఇది కూడానా అండీ?" అని అడిగాడు. నాన్న ఉంచమన్నాడు. ఇప్పుడు పామాయిల్ మొక్కల మధ్య అదొక్కటే ఎత్తుగా ఉంది. పైకొమ్మల్లో కోతకు అందని కాయలు పండి రాలుతున్నాయి. ఎవరం ఏరడం లేదు.

నాన్న చర్చి మానలేదు. బెంచీ కూడా మారలేదు. పోయిన ఆదివారం అయ్యగారు నడుస్తూ వచ్చి మా దగ్గర ఆగారు.

"మీ ప్రార్థన అవసరం చెప్పండి బ్రదర్."

"నాకేం వద్దండి అయ్యగారూ."

మిగతా సగం కోసం అయ్యగారు కాసేపు నిలబడ్డారు. అలవాటుకొద్దీ నేనూ ఎదురుచూశాను. తర్వాత ఆయన పక్క బెంచీకి వెళ్లారు.