పసుపు రాసిన సీసాలు

నిన్న సాయంత్రం మా మనవడికి మలేరియా అని డాక్టరు రాసిచ్చిన మాత్రను సగానికి విరవబోతే, అది చిట్లి పొడి నా వేళ్ళకు అంటుకుంది. పాత అలవాటు కొద్దీ నాలుకకు రాసుకున్నాను. చేదంటే అదీ చేదు! వేపాకు దాని ముందు పసిపిల్ల. "అదేటి పని మావయ్యగారూ" అంటూ కోడలు నీళ్ళచెంబు పట్టుకొచ్చింది గాని నేను పుచ్చుకోలేదు. కాసేపు ఆ చేదును అలాగే ఉండనిచ్చాను. ఆ చేదు తగిలితే చాలు, నాకు దీవెనమ్మగారు గుర్తుకొస్తారు. పందొమ్మిది వందల ఇరవైలలో నర్సీపట్నంలో ఆవిడ నడిపిన చిన్న వైద్యశాలలో నేను కాంపౌండరును. మందులు కలపడం నాకు పరీక్ష నేర్పింది. మందును ఎక్కడ ఆపాలో ఆవిడ నేర్పారు.

ఆవిడను చూడనివాళ్ళకు ఆవిడ గురించి చెప్పడం కష్టం. పొట్టి మనిషి. తెల్ల నూలుచీర, భుజం మీద పిన్ను, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. గొంతు మాత్రం పెద్దది. లోపల గదిలో ఒకరిని కేకలేస్తే బయట అరుగు మీద కూర్చున్నవాళ్ళకు సగం రోగం తగ్గేది. పాయకరావుపేటలో మిషన్ బడి పంతులుగారి అమ్మాయి, మద్రాసులో వైద్యం చదువుకుని వచ్చారు. కిరస్తానీ డాక్టరమ్మ చేతి మందేమిటని మొదట్లో మొహం చాటేసినవాళ్ళు చాలామందే. అయితే మన్యం నుంచి దిగివచ్చే చలిజ్వరం ఎవరి కులమూ అడగదు గనుక, ఏడాది తిరిగేసరికి అందరూ సీసాలు పట్టుకుని మా గుమ్మం ముందు వరస కట్టారు. ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకోవాలి మరి. బిరడా ఉన్న మంచి గాజుసీసా ఇంట్లో ఉండడమంటే ఆ రోజుల్లో గొప్పే. ఇంతకీ ఆవిడ బద్ధశత్రువు జ్వరం కాదు, మంగళవారం. మంగళవారం మందు మొదలుపెట్టకూడదని మావాళ్ళ పట్టింపు. ఆ రోజు ఇచ్చిన మందును బుధవారం దాకా గూట్లో దాచుకునేవారు. "జొరం వారం సూసుకుని వచ్చిందేటి నీకు?" అని ఆవిడ విరుచుకుపడేవారు.

నేను చేరిన కొత్తలో ఒక సాయంత్రం, అడుగున మిగిలిన మిక్స్చరు పారబోయడానికి జాడీ పట్టుకుని వెనక పారే గెడ్డ వైపు బయలుదేరాను. "ఎక్కడికయ్యా సన్యాసీ?" అని దీవెనమ్మగారు నన్ను పేరు పెట్టి పిలిచారు.

"గెడ్డలో పోసొస్తానండి."

"గెడ్డ కిందన గొడ్లు తాగవేటి? వాటికేం జబ్బని మందిత్తన్నావు?"

నన్ను వెంటబెట్టుకుని పెరటి చివరకు తీసుకెళ్ళారు. నూతికి దూరంగా, గట్టు మీద, లోతుగా తవ్విన గొయ్యి ఉంది. చుట్టూ ముళ్ళకంప. మిగిలిన మందును మొదట బూడిదలోనూ పేడలోనూ కలిపి, ముద్ద చేసి, ఆ గోతిలో వేసి మన్ను కప్పాలి. బూడిద సరే, పేడ ఎందుకని అడిగాను. "ఉత్త బూడిదయితే ఏరుకుని దాసుకునేవోళ్ళు ఉన్నారయ్యా మన ఊళ్ళో. పేడలోంచి ఏరుకోరు గదా" అన్నారు. మందు మీద మనవాళ్ళకున్న మమకారం ఆవిడకు అంత బాగా తెలుసు. డబ్బు పోసి తెచ్చుకున్నది, రెండు క్రోసులు నడిచి తెచ్చుకున్నది, నోటికి చేదైనా పారెయ్యడానికి ఎవరికి మనసొస్తుంది? దాచుకుంటారు, పక్కింటివాళ్ళకు జబ్బు చేస్తే ప్రేమగా పట్టుకెళ్ళి ఇస్తారు. ఆ ప్రేమంటేనే ఆవిడకు భయం.

ఆ భయం నిజమైన రోజు కూడా మంగళవారమే. మధ్యాహ్నం, కూరగాయలమ్మే నూకాలు వచ్చి నా బల్ల మీద ఒక సీసా పెట్టింది. సీసా తళతళలాడుతోంది. మెడకు పసుపు రాసి ఉంది. "ఇది రోజుకెన్ని సెంచాలు తాగాలి బాబూ?" అంది. బిరడా తీశాను. కర్పూరం ఘాటు ముక్కు పగలగొట్టింది. అది మోకాళ్ళకు పూసుకునే మందు. కడుపులోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. నేను కలిపిందే, జగ్గారావుగారి కోసం.

జగ్గారావుగారు తాలూకా కచేరీలో హెడ్ గుమాస్తాగా చేసిన పెద్దమనిషి. ఈమధ్యే గుండెజబ్బుతో పోయారు. ఆయన సీసా నీ చేతికెలా వచ్చిందని అడిగాను.

"ఇయ్యాల ఆరి పెదకరమ కాదేటి. దానాల్లో ఇచ్చినారు. నాకొక్కదానికేటి, సానామందికి ఇచ్చినారు" అంది నూకాలు.

దీవెనమ్మగారు లోపలి నుంచి వచ్చి ఆ సీసా చూశారు. అంత గొంతున్న మనిషి నెమ్మదిగా మాట్లాడితే నాకు భయం వేసింది. "సన్యాసీ, గుండెకిచ్చిన చుక్కల మందు ఆ ఇంట్లోనే ఉందయ్యా" అన్నారు. నీళ్ళలో కొద్ది చుక్కలే వేసుకోవలసిన మందు అది. చెంచాతో పోసుకుంటే మనిషి దక్కడు. ఆయన పోవడానికి ముందే నేను నిండుగా నింపి ఇచ్చిన చిన్న నీలంబుడ్డి. దాని మీద ఎర్ర సిరాతో విషమని రాసిన చీటీ కూడా నేనే అంటించాను.

పరుగున వెళ్ళాం. ఆ ఇంటి పెద్ద దిక్కు జగ్గారావుగారి అక్కగారు సీతాయమ్మగారు. ముందే భర్తను పోగొట్టుకుని తమ్ముడిని కొడుకులా చూసుకున్న మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. సీసాల మీది చీటీలేవని అడిగితే, "కడిగేశానమ్మా. దానమిచ్చే వస్తువు జిడ్డోడుతూ ఇస్తామేటి? పసుపునీళ్ళలో నానబెట్టి నా చేత్తో తోమాను" అన్నారు. ఆ భక్తిలో నేను ఎర్ర సిరాతో రాసిన చీటీ కూడా కొట్టుకుపోయింది.

"ఎవరెవరికి ఇచ్చారమ్మా?"

"పేర్లడిగి దానం చేస్తారేటి? పెరటి గుమ్మంలో నిలబడి చెయ్యి చాచినవాళ్ళకల్లా ఇచ్చాను. అడక్కు తల్లీ, ఇచ్చింది వెనక్కి తీసుకుంటే నా తమ్ముడికి గతులుండవు."

ఆవిడ మీద కేకలేస్తారేమోనని నేను హడలిపోయాను. దీవెనమ్మగారు "వెనక్కి తీసుకోం అమ్మా. ఇంకా కలిపిస్తాం" అని మాత్రం చెప్పి గబగబా బయటికి నడిచారు. కాసేపటికి బజారులో డప్పు మోగింది. "జగ్గారావుగారి ఇంట దానం పట్టిన మందుసీసా తెచ్చినోళ్ళకి డాక్టరమ్మగారు ఉత్తినే సెయ్యి సూసి, ఆ సీసాలోనే ఆళ్ళ జబ్బుకి తగ్గ మందు పోసిత్తారహో!"

విషం గిషం అని చాటించి ఉంటే ఒక్కడూ వచ్చేవాడు కాదు. దానం లాక్కుంటారనో, నేరం మోపుతారనో ఇళ్ళలో దాక్కునేవారు. ఇప్పుడేమో తిరనాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. నేను సీసా అందుకుని పేడబూడిదలో ఒంపడం, సీసా కడిగి మరిగించడం, ఆవిడ చెయ్యి చూసి చెప్పిన మందు నింపడం. పసుపుసీసాలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. నీలంబుడ్డి మాత్రం రాలేదు.

చివరికి ఒక బండివాడు నోరు విప్పాడు. "నీలంబుడ్డి మా ఊరి అప్పలసామి అట్టుకెళ్ళినాడండి. ఆడి పెళ్ళాం పైడితల్లికి ఒకటే సలిజొరం. సంటిబిడ్డ తల్లి."

మాకవరపాలెం దారిలో వాళ్ళ పల్లె. జట్కా ఎక్కాం. "బేగి తోలవయ్యా, బేగి!" అని దారి పొడుగునా ఆవిడ నిలబడే అరుస్తూ వచ్చారు. అంత కుదుపులోనూ మందుల పెట్టె ఒళ్ళోంచి దింపకుండా నేను కూర్చున్నాను. ఆ బిడ్డ తల్లి ఈపాటికి తాగేసి ఉంటుందనే అనుకున్నాను. ఆవిడ కూడా అలాగే అనుకున్నారని, నా భుజం పట్టుకున్న చెయ్యి చెప్పింది.

పాక ముందు అప్పలస్వామి బిడ్డను ఆడిస్తున్నాడు. మమ్మల్ని చూసి కంగారుగా లేచాడు.

"బుడ్డేదయ్యా? మందు పోసీసినావా?"

"లేదమ్మా! దేవుడి కాడ ఎట్టినాను" అన్నాడు. లోపల పటం ముందు, పువ్వు పెట్టి, నిండుగా ఉంది నీలంబుడ్డి. "ఇయ్యాల మంగళారం కదేటమ్మా. రేపు పొద్దున్నే మొదలెడదావని."

దీవెనమ్మగారు ఆ గుమ్మంలోనే చతికిలబడిపోయి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి చీరకొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నేనూ నవ్వాను. ఎందుకో తెలియకపోయినా అప్పలస్వామి కూడా నవ్వాడు. తరువాత లోపలికి వెళ్ళి పైడితల్లి చెయ్యి చూసి, క్వినైన్ కలిపించారు. అతను నసుగుతూ మళ్ళీ మంగళవారం మాట ఎత్తబోయాడు. "ఈ మందుకి మంగళారమే మంచిదయ్యా, ఇది మంగళారం పుట్టిన మందు" అని ఆవిడ ఏ మాత్రం తడుముకోకుండా చెప్పి, స్వయంగా ఆ పిల్ల నోట్లో పోశారు. పైడితల్లి మొహం చిట్లించుకున్న తీరు చూస్తే, ఆ చేదుకు జ్వరమే పారిపోతుందనిపించింది. పారిపోయింది కూడా. ఆ తరువాత దీవెనమ్మగారు మంగళవారాన్ని తిట్టగా నేను వినలేదు.

కొన్నాళ్ళకు సీతాయమ్మగారు మా వైద్యశాలకు వచ్చారు. నేరుగా పెరట్లోకి నడిచి, గొయ్యి ముందు నిలబడ్డారు. "నా తమ్ముడి దానం ఈ పేడలో కలిపారా?" అన్నారు. ఆ గొంతులో కోపం కన్నా దెబ్బతిన్న బాధ ఎక్కువ వినిపించింది.

"దానం కలపలేదమ్మా. మీరిచ్చిన సీసాలు మీరిచ్చినవాళ్ళ దగ్గరే ఉన్నాయి. మందొక్కటే కలిపాను. అది ఆయన్ని సూసి ఇచ్చిన మందు. ఆయన లేనప్పుడు అది మందు కాదు" అన్నారు దీవెనమ్మగారు. పైడితల్లి సంగతి, పసిబిడ్డ సంగతి అంతా చెప్పారు.

సీతాయమ్మగారు వంగి గోతిలోకి చూశారు. "మనిషి పోతే ఇంట్లో మట్టికుండలు పారేసి కొత్తవి తెచ్చుకుంటాం. మందుకి మైలేటని అట్టే పెట్టాను. దానికే ముందు మైలొచ్చిందన్న మాట" అన్నారు.

"వచ్చీసిందమ్మా. కుండల కన్నా ముందొచ్చీసింది!" అన్నారు దీవెనమ్మగారు, దొరికిందే చాలన్నట్టు. కిరస్తానీ డాక్టరమ్మ నోట మైల మాట విని నాకు నవ్వాగలేదు. ఆవిడ నా కాలు తొక్కారు.

ఊళ్ళో పెద్దముత్తైదువుల దగ్గర నుంచి పురోహితుల ఇళ్ళ దాకా సీతాయమ్మగారి మాట చెల్లేది. మా డప్పు చేరని వంటిళ్ళలోకి ఆవిడ మాట చేరింది. తరువాత ఒక పంతులుగారు పోయినప్పుడు, కుండలు పారెయ్యక ముందే, ఆయన కొడుకు బుట్టెడు సీసాలు మా అరుగు మీద దింపి, "మందుల మైలండి" అన్నాడు. దీవెనమ్మగారు బుట్ట కేసి, నా కేసి చూసి, కళ్ళజోడు పైకి తోసుకున్నారు. యుద్ధం గెలిచిన రాజు కూడా అంత దర్జాగా నిలబడి ఉండడు. క్రమంగా చర్చి వీధివాళ్ళు కూడా తేవడం మొదలుపెట్టారు. వాళ్ళకు మైల లేదు గాని బుట్టలున్నాయి. గొయ్యి నిండితే పక్కనే ఇంకొకటి తవ్వాను. ఆ పనిలో నాకు కలిగిన గర్వం, సొంత మందులషాపు పెట్టుకున్నప్పుడు కూడా కలగలేదు.

పెద్దతనంలో దీవెనమ్మగారు పాయకరావుపేట వెళ్ళిపోయారు. పోయారని కబురందగానే మొదటి బస్సుకు వెళ్ళాను. నేను వీధి మలుపు తిరిగేసరికి ఆవిడ మేనకోడలు వాకిట్లో కూర్చుని చేతులకంటిన పేడబూడిద కడుక్కుంటోంది. పక్కన సీసాలు ఎండలో బోర్లించి ఉన్నాయి. "ముందు మందులు, తరవాతే గంట అని మరీమరీ చెప్పిందండి అత్త" అంది ఏడుస్తూ. అప్పుడు చర్చి గంట మొదలైంది. దుఃఖంలో ఉన్నా, నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

ఇప్పుడు నాకూ గుండెజబ్బే. తలగడ పక్కన సీసాలు చేరాయి. నేను పోయిన రోజున ఏడవడానికి తొందరేమీ లేదని కోడలికి చెప్పేశాను. ముందు పెరట్లో గొయ్యి. ఆ తరువాతే వీధిలో నిప్పు.