పొగ పట్టిన దుర్బీన్‌ల యేసుదాస్ సారు

ఆర్మూర్ మార్కెట్ల పసుపు కొని అమ్మిన మనిషిని నేను. కండ్ల ముందర కుప్ప పోసి ఉన్న పసుపునే కొమ్ము విరిచి, లోపలి రంగు చూడంది నమ్మను. గసొంటోన్ని, కండ్లకు కనవడని దయ్యాలను ఎట్ల నమ్ముత? మోర్తాడ్ దిక్కు పెండ్లికి పోయి వస్తుంటే తెల్లచీర ఆమె బండి ఆపిందని ఎవలన్న చెప్తే, "చీరకు అంచు ఏం రంగు?" అని అడిగి వాళ్ళ నోరు మూయించెటోన్ని.

ఇంకో ముచ్చట గూడ ముందే చెప్త. నేను జర కలిపి చెప్పెటోన్ని. నీరుకట్టె పాము కనవడితే నాగుపాము అంట. నాలుగు చినుకులు పడితే వాగు పొంగింది అంట. విఠల్ సేటు మాటల సగం తీసెయ్యాలె అని బజార్ల అందరికి ఎరుకే. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు వెనుక నీళ్ళ కాడ జరిగిన దాని మీద ఊర్ల తిరుగుతున్న కథల్ల గూడ సగం నేను కలిపినయే. బాతుల గుంపు నా నెత్తి మీద తిరిగి దారి చూపింది అన్నది నేనే. తిరగలే. నీళ్ళ మీదికెంచి ఎవలో నన్ను పేరు పెట్టి పిలిచిండ్రు అన్నది గూడ నేనే. ఎవలు పిలువలే. ఇక్కడ రాసేది మాత్రం అవన్ని జల్లెడ పట్టి పారవోసినంక మిగిలింది.

యేసుదాస్ సారు మా గల్లీ మనిషే. బడిల డ్రాయింగ్ చెప్పి రిటైరయిండు. నాకు షుగర్ వచ్చి డాక్టర్ నడువుమన్నప్పుడు, పొద్దుగాల గుట్ట ఎక్కెటోడు ఈయన ఒక్కడే కనవడ్డడు. నేను ఒళ్ళు తగ్గుతందుకు ఎక్కేది, ఆయన పిట్టలను చూస్తందుకు ఎక్కేది. దారిల ఏ పిట్ట కనవడ్డా నిలవడి బొమ్మ గీసుకునేది. నేను మోకాలు పట్టుకొని పక్కన కూసునేది. గట్ల దోస్తులమైనం.

చలికాలం రాంగనే సారు మనసంత దొంకేశ్వర్ అవతల వెనుక నీళ్ళ మీదికి పోయేది. తల మీద రెండు నల్ల గీతలుండే బాతులు మంచుకొండలు దాటుకుంట గాడికి వస్తయట. వాటిని దగ్గర చూడాలంటే దుర్బీన్ కావాలె. మంచిది కావాలె, అగ్గువ ధరకు రావాలె, తడిసినా ఖరాబు కావద్దు. ఇంక ఆయన ఫోన్ల వెతుకుడు షురువు చేసిండు.

సారు వెతుకుడు చూస్తే నాకు నవ్వు వచ్చేది. ఎనిమిది ఇంటు నలభై రెండు అనేది ఒకటి పట్టుకున్నడు. ఎనిమిదింతలు దగ్గర చూపిస్తదట, ముందటి అద్దం నలభై రెండు మిల్లీమీటర్ల వెడల్పట, పొద్దుగూకంగ గూడ వెలుగు బాగ పట్టుకుంటదట. వాటర్‌ప్రూఫ్ అని సాఫ్‌గ రాసి ఉండాలె, లోపల నైట్రోజన్ నింపి ఉండాలె. గట్లయితేనే చలిల గూడ లోపలి అద్దాలకు మంచు పట్టదు అన్నడు. మెడల ఏసుకొని గుట్టలు ఎక్కేది కాబట్టి బరువు గూడ చూడాలె అన్నడు. కండ్లద్దాలు పెట్టుకున్నా నిండుగ కనవడుతదా లేదా అని అది గూడ చదివిండు.

నేను గంత చదువలే. ఇరువై ఇంటు యాభై అని ఒకటి కనవడ్డది. అంకెలు పెద్దయి, ధర సారు దాని కంటే తక్కువ. ఇంక ఆలోచించేది ఏముంది?

"సారు, నీది ఎనిమిదే, నాది ఇరువై!" అన్న.

"సేటు, ఇరువైతోని చూస్తే పిట్ట కంటే నీ చెయ్యి వణుకుడే పెద్దగ కనవడ్తది" అన్నడు.

గది నిజమే అయింది. కని అసలు తప్పు నేను ఇంటికాడ చేసిన. నా డబ్బా మీద నీళ్ళ బొట్టు బొమ్మ ఉండె. గా బొమ్మకు అర్థం తుంపర పడితే తట్టుకుంటది అని మాత్రమేనట. నేను మునిగినా ఏం కాదు అనుకున్న. అయినా మా యాపారంల అమ్మెటోని మాట మీద ఎవలు సరుకు కొనరు గద. కొమ్ము విరువాలె, చప్పుడు ఇనాలె. దుర్బీన్‌ను విరువలేం కాబట్టి బకెట్ల ముంచిన. ముంచి, చాయ తాగి వచ్చి తీసిన.

గప్పటికెంచి లోపల తెల్లటి పొగ. ఎండకు పెట్టిన, బియ్యం డబ్బాల బొంద పెట్టిన, పోలే. దాన్ల నుంచి చూస్తే పాలగిన్నెల తల పెట్టినట్టే.

ఈ సంగతి సారుకు చెప్పలే. ఇరువై అని గంత గొప్పలు చెప్పుకొని, బకెట్ల ముంచిన అని ఎట్ల చెప్పాలె? మెడల ఏసుకొనే పోతుంటి. ఆయన నీళ్ళ దిక్కు చూసి "మూడు రాజహంసలున్నయి" అంటే, నేను గా తెల్ల పొగల చూసుకుంటనే "నాకు ఏడు కనవడుతున్నయి, ఒకదాని ముక్కుల చేప గూడ ఉన్నది" అనేది. సారు "అవునా?" అని ఊకునేది.

పసుపు మార్కెట్‌కు జోరుగ వస్తున్న రోజులయి. నీళ్ళు వెనుకకు పోయి, మునిగిన నేల మెల్లగ బయట పడుతుండె. బాతులు ఇగ ఎల్లిపోతయి, చివరిసారి చూద్దామని సారు తొందర పెట్టిండు. పగటీలి అన్నం తిన్నంక నా స్కూటర్ మీద పోయినం.

నా మోకాలు నొప్పితోని నేను కట్ట మీదనే కూసున్న. సారు ఫోన్ మోగితే పిట్టలు బెదురుతయని ఎప్పటి లెక్కనే దాన్ని బండి డిక్కీల పెట్టి, మెడల తన దుర్బీన్ ఏసుకొని, గడ్డిలకెంచి ఎడమ దిక్కు దిగిపోయిండు. "జల్ది వస్త" అన్నడు. నేను ఫ్లాస్కుల చాయ తాగి, కండువా మొఖం మీద ఏసుకొని ఒరిగిన.

లేచి చూసేసరికి పొద్దు బాగ వాలింది. సారు రాలే. పిలిచిన. మల్ల పిలిచిన. గంత ఖుల్లా జాగల నా గొంతు ఎటు పోయిందో ఏమో. గప్పుడు నాకు నిజంగ భయమైంది. నీళ్ళు తీసిన నేల పైన ఎండినట్టు కనవడ్తది, కింద బురద ఉంటది. బర్రెలే దిగవడ్తయి. ముసలాయన ఎంత?

ఒడ్డున చేపలు పట్టెటోళ్ళ గుడిసెలున్నయి. మల్లయ్య అని అరువై ఏండ్ల మనిషి, మాకు ఎరుకే, ఇంకో ఇద్దరిని ఏసుకొని వెతుకుతందుకు పోయిండు. బాతులు దిగే ఎడమ దిక్కే పోయిండ్రు. నేను చెప్పింది గూడ గా దిక్కే. పొద్దు మునిగితే వెతుకుడు కాదు, చలిల రాత్రంత బురదల ఉంటే సారు దక్కడు. ఇది అందరికి ఎరుకే.

నేను కట్ట మీద ఒక్కన్నే. ఏం చెయ్యాల్నో తెల్వక, అలవాటు పడ్డ చెయ్యి కాబట్టి గా దుర్బీన్‌ను కండ్లకు పెట్టుకున్న. పనిచేస్తదని గాదు. మామూలు తెల్ల పొగనే. మెల్లగ అటుదిక్కు నుంచి ఇటుదిక్కు తిప్పుతున్న.

కుడి దిక్కు రాంగనే పొగ నడుమ, ఆవిరి పట్టిన అద్దాన్ని బొటనవేలుతోని తుడిచినట్టు, గింత జాగ సాఫయింది.

గండ్ల సారు ఉన్నడు. ఒక బాయి ఒర మీద కూసున్నడు. నడుమెత్తు రాతి ఒర. రెండు పక్కల రాతి కంబాలు, నడుమ చేదుకునే గిలక. సారు టోపీ తీసి ఒళ్ళె పెట్టుకున్నడు. ఇటే చూస్తున్నడు. పిలుస్తలేడు. బస్సు కోసం కూసున్న మనిషి లెక్క ఊకె కూసున్నడు.

ఒకటి మాత్రం ఖచ్చితంగ చెప్త. గా దుర్బీన్ మంచిగున్న నాడు గూడ నా చేతుల్ల బొమ్మ నిలవలేదు, గజగజ ఊగేది. గా పొద్దు చేతులు ఇంకా ఎక్కువ వణుకుతున్నయి. బొమ్మ మాత్రం గోడకు కొట్టిన పటం లెక్క నిలవడ్డది.

దించి వట్టి కండ్లతోని చూసిన. నీటి పాయ అవతల ఎండిన గడ్డి, మునిగిన ఊరి దిబ్బ. మనిషి లేడు, బాయి లేదు. మల్ల పెట్టుకున్న. పాలగిన్నె.

అరిచి మల్లయ్యను ఎనుకకు పిలిచిన. "సారు గాడ, పాయ అవతల, బాయి మీద కూసున్నడు. దీన్ల చూసిన" అన్న. మల్లయ్య దుర్బీన్ తీసుకొని కంటికి పెట్టుకున్నడు, తిప్పి ఇంకో దిక్కు నుంచి గూడ చూసిండు.

"సేటు, గిండ్ల ఏమన్న కనవడ్తదా? సున్నం గొట్టినట్టున్నది."

"ఇప్పుడే కనవడ్డది, మల్లయ్యా."

"మొన్న ముక్కుల చేప ఉన్న హంస గూడ గిండ్లనే కనవడ్డదా? మనిషి పోతుంటే గిప్పుడు గూడ నీ కథలేనా?"

గా మాట నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆయన తప్పు లేదు. నా ఎనుక గన్ని ఏండ్ల ముచ్చట్లున్నయి. ఎడమ దిక్కు ఇడిచిపెట్టి వీళ్ళు కుడి దిక్కు పోవాలంటే నిజం సరిపోదు అని అర్థమయింది.

"కాదు మల్లయ్యా, ఫోన్ వచ్చింది. సారే చేసిండు. పాయ అవతల బాయి కాడ పడ్డడట. మాట మధ్యల కట్టయింది" అన్న.

మల్లయ్య ఒడ్డుకు కట్టిన తన పడవ తాడు ఇప్పిండు. పడవ కదిలింది.

నేను గూడ ఎక్కిన. తెడ్డు ఏసుకుంట మల్లయ్య "గాడ బాయి ఉన్నట్టు సారుకెట్ల ఎరుక?" అని తనలో తనే అనుకున్నడు. గా దిబ్బ ఆయన పుట్టిన ఊరు. ఆయన చిన్నగున్నప్పుడు ప్రాజెక్టు నీళ్ళల్ల మునిగింది.

దిగి చూస్తే ఒర లేదు, కంబాలు లేవు, గిలక లేదు. చదునుగ పెరిగిన గడ్డి. మల్లయ్య ముందట కట్టె పొడుచుకుంట నడిచిండు. కట్టె ఒక కాడ దిగింది. గడ్డి పక్కకు జరిపితే నేలకు సమానంగ నల్లటి బొంద. లోపలికెంచి గొంతు పోయిన మూలుగు వినవడ్డది.

సారు ఛాతి దాక ఒండ్రుల కూరుకపోయి ఉన్నడు. ఒక కాలు విరిగింది. అరిచి అరిచి గొంతు ఆగిపోయింది. వల తాళ్ళు దింపి, ఒకరు లోపలికి దిగి, మెల్లగ పైకి తీసిండ్రు. వెలుగు సరిగ్గ గంత వరకే ఉండె.

పడవల సారుకు నా కండువా కప్పి, మల్లయ్య అడిగిండు: "సారు, ఫోన్ బాయిల పడ్డదా?"

"ఫోన్ ఎక్కడిది? బండి డిక్కీల ఉన్నది" అన్నడు సారు, ఉన్న కొంత గొంతుతోని.

మల్లయ్య తెడ్డు ఆపి నా దిక్కు చూసిండు. నేను నీళ్ళ దిక్కు చూసిన.

ఒడ్డెక్కినంక ఆయన నన్ను పక్కకు తీసి, గా బాయి ఎట్లుండె చెప్పు అన్నడు. చెప్పిన. ఒర, కంబాలు, గిలక. "ఉండె" అన్నడు. "గా ఒర మీద ఎక్కి కూసుంటే మా అవ్వ తిడుతుండె. మునిగినంక ఎప్పుడు కొట్టుకపోయిందో ఎవలకు తెల్వది." నేను గా ఊరు ఎన్నడు చూడలే. బాయి ఉన్నదని గూడ వినలే.

దవాఖానల సారు కాలికి సిమెంటు పట్టీ ఏసిండ్రు. ఎడమ దిక్కున్న బాతులు లేచి గా దిబ్బ మీద దిగినయని, నీళ్ళు తక్కువున్న కాడ పాయ దాటి పోయిండట. ఆయన దుర్బీన్ ఆయనతో పాటే ఒండ్రుల మునిగింది. నల్లా కింద కడిగితే కొత్తదాని లెక్క కనవడుతున్నది. కొనెటోళ్ళు ఉంటే గది యాది పెట్టుకోండ్రి. అంకె పెద్దగున్నది కాదు, వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నది కొనండ్రి.

పడకముందు బాయి మీద కూసున్నవా అని సారును అడిగిన.

"బాయి కనవడితే పడుదునా, సేటు?"

గప్పుడు బకెట్ సంగతి చెప్పేసిన. సారు నవ్విండు. "నాకెప్పుడో ఎరుకే. ఒకపారి మూతలు తీయకుంటనే నాకు కొంగల రంగులు చెప్పినవు." ఎందుకు అనలేదు అంటే, "చెప్తుంటే వినబుద్ధయేది" అన్నడు. మల్ల మెల్లగ అన్నడు: "గొంతు పోయినంక బాయిల ఒక్కటే ప్రార్థన చేసిన సేటు. దేవా, ఆయన దుర్బీన్ ఒక్కసారన్న పనిచేయనియ్యి అని."

నిజామాబాద్‌ల కండ్లద్దాల దుకాణంల దాన్ని విప్పిచ్చిన. లోపలి అద్దాలు ఊడి పడి ఉన్నయి, దీన్ల ఎన్నటికి ఏం కనవడది అని దుకాణపాయన అన్నడు. సారు ప్రార్థన వల్లనే అని చర్చిల వాళ్ళు అంటరు. అయితే మునిగిన ఊరి ఒర ఎందుకు కనవడాలె? మల్లయ్య, సచ్చిపోయిన వాళ్ళ ఊరి పెద్దల పని అంటడు. వాళ్ళకు సారు ఎవలు? నాకైతే ఏ లెక్క కుదుర్తలేదు.

నేను కలిపిన అనుకునెటోళ్ళకు ఒక్క మాట. కలిపేటోన్నే అయితే, గా ఒర మీద కూసున్న సారుతోని కనీసం ఒక చెయ్యన్న ఊపించకపోదునా?