మా అమ్మమ్మ చర్చికి వెళ్లని క్రిస్మస్

నా చిన్నప్పుడు ఒక్క క్రిస్మస్‌కి మాత్రం మా అమ్మమ్మ చర్చికి వెళ్లలేదు. ఒళ్లు కాలిపోయే జ్వరంతో కూడా ఆదివారం మానని మనిషి ఆవిడ. ఆ ఏడు మానడానికి కారణం నేను.

మాది గజపతినగరం దగ్గర, తారురోడ్డుకి కాస్త లోపలగా ఉండే పల్లె. అమ్మ మా తమ్ముడి కాన్పులో పోయింది. నాన్న లారీ మీద పనిచేసేవాడు. ఏడాది తిరక్కుండానే రాయగడలో ఇంకో పెళ్లి చేసుకుని మావైపు చూడడం మానేశాడు. అప్పట్నుంచి నన్నూ తమ్ముడినీ అమ్మమ్మే సాకింది. అడ్డాకులతో విస్తళ్లు కుట్టి సంతలో అమ్మేది. చలికాలం వస్తే తమ్ముడికి ఆయాసం. వాడిని ఒళ్లో పడుకోబెట్టుకుని, ఓ చేత్తో వీపు రాస్తూ, అందిన కాస్సేపట్లోనే నాలుగు ఆకులు కుట్టేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, క్రిస్మస్ ఇంకో మూడు వారాలుందనగా, నాన్న బస్సు దిగి వచ్చాడు. చంకలో మూడేళ్ల ఆడపిల్ల. ఆ రెండో ఆవిడ కూడా జ్వరమొచ్చి చనిపోయిందట. "రెండ్రోజులు సూడత్తా, మళ్లొచ్చి తీసుకుపోతాను" అని పిల్లని అరుగు మీద దింపి, మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయాడు. రెండు రోజులు కాదు, రెండు వారాలు గడిచినా మళ్లీ రాలేదు.

నిజానికి ఆ పిల్ల మా అమ్మమ్మకి ఏమీ కాదు. కూతురు పోయాక అల్లుడు చేసుకున్న మనిషి కన్న పిల్ల. ఊళ్లోవాళ్లు ఆ మాట మొహం మీదే అన్నారు. అమ్మమ్మ ఆ పిల్ల తలకి నూనె రాసి, చిక్కు తీసి, మా కంచాల పక్కన ఇంకో కంచం పెట్టింది. ఆ పిల్ల ఏడ్చేది కాదు, నవ్వేది కాదు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చునేది.

నాకు మాత్రం దాన్ని చూస్తే ఒళ్లు మండిపోయేది. మా నాన్నని మాకు కాకుండా చేసినవాళ్ల పిల్ల అని ఒక కోపం. దానికి తోడు గుడ్డ సంగతి. పండక్కి పరికిణీ కుట్టిస్తానని అమ్మమ్మ వేసవి నుంచీ నాకు చెబుతూ వచ్చింది. ఎర్ర పూల గుడ్డ కొని పెట్టెలో దాచింది కూడా. తీరా దర్జీ దగ్గరికి వెళ్లాక ఆ గుడ్డే రెండు గౌన్లయింది. నాది మోకాళ్లకి కూడా అందలేదు.

పండగనాడు పొద్దున్నే అమ్మమ్మ పొయ్యి దగ్గర పరమాన్నం కలుపుతూ, పిల్లకి గౌను తొడగమని నాతో చెప్పింది. తొడిగాను. వీపు మీద బొత్తాలు పెడుతూ దాని చెవిలో అన్నాను: "మీ నాన్న ఇయ్యాల బస్సుకి వస్తాడంట. రోడ్డు కాడ నిలబడు. నువ్వు కనబడకపోతే ఎలిపోతాడు."

ఎందుకన్నానో అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. నా గుడ్డతో కుట్టిన గౌను వేసుకుని అది చర్చిలో అమ్మమ్మ పక్కన కూర్చోకూడదు. అంతే.

చర్చిలో మొదటి గంట కొట్టేసరికి పిల్ల లేదు. అమ్మమ్మ ఇల్లంతా వెతికింది. నూతి దగ్గరికి పరిగెత్తి లోపలికి తొంగి చూసింది. అప్పుడు ఆవిడ మొహం చూసి కూడా నేను నిజం చెప్పలేదు. ఇంతలో పక్కింటి అత్త వచ్చి, గుంటపిల్ల ఒక్కతీ రోడ్డువైపు పోతుంటే చూశానని చెప్పింది. లారీలు తిరిగే రోడ్డు. అమ్మమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. వెనకాల నేనూ, తమ్ముడూ.

పిల్ల కల్వర్టు గట్టు మీద కూర్చుని ఉంది. అమ్మమ్మ ఎత్తుకోబోతే గట్టిగా గట్టు పట్టుకుంది.

"నాన్న వస్తాడు. అప్ప సెప్పింది."

అప్ప అంటే అక్క, నేనే. అమ్మమ్మ నావైపు ఒక్కసారి చూసింది. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు. కళ్లు తెరిచేసరికి ఆవిడ పిల్ల పక్కన గట్టు మీద కూర్చుని, ఎండ తగలకుండా దాని తల మీద పైట కప్పుతోంది. తమ్ముణ్ణి ఇటుపక్క కూర్చోబెట్టుకుంది. నేను నిలబడే ఉన్నాను.

రెండో గంట కొట్టారు. పాటలు మొదలయ్యాయి. ఏటా మొదటి పాట ఎత్తుకునేది మా అమ్మమ్మే. ఆ రోజు ఇంకెవరో ఎత్తుకున్నారు. ఇక్కడ బస్సు వచ్చినప్పుడల్లా పిల్ల లేచి నిలబడేది, దిగినవాళ్లందరి మొహాలూ చూసేది, మళ్లీ కూర్చునేది. మూడో బస్సు వెళ్లాక అమ్మమ్మ, ఎవరితోనని కాకుండా, మెల్లగా మాట్లాడింది.

"పండగొస్తే అందరూ మరియమ్మ మాట సెప్తారు, దూతల మాట సెప్తారు. యోసేపు మాట ఎవలూ పెద్దగా సెప్పరు. ఆ బాబు తనకి పుట్టినోడు కాడని ఆయనకి తెలుసు. తెలిసే ఎత్తుకున్నాడు. బాబుని సంపేత్తారని తెలిస్తే దేశం కాని దేశం మోసుకుపోనాడు. ఆయన నాకేటని ఒగ్గేసుంటే, మనకీ పండగెక్కడిదే?"

నాకు ఏడుపు ఆగలేదు. "నాన్న రాడు. నానే అబద్దం సెప్పినాను" అన్నాను.

"నాకు తెలుసు. నాకెందుకు సెప్తావు, దానికి సెప్పు."

చెప్పాను. జీవితంలో అంత కష్టమైన మాట మళ్లీ చెప్పలేదు. పిల్ల నన్ను కాదు, అమ్మమ్మని అడిగింది: "మరి రేపొస్తాడా?"

"తెలీదమ్మా. వస్తాడో రాడో నాకూ తెలీదు. నాను మాత్రం ఎక్కడికీ ఎల్లను" అంది అమ్మమ్మ.

అప్పుడు ఏడ్చింది పిల్ల, మా ఇంటికొచ్చాక మొదటిసారి. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక నేను చేతులు చాపితే వచ్చింది. బరువుగానే ఉంది. ఇల్లు చేరేదాకా చంక దించలేదు. నా భుజమంతా దాని కన్నీళ్లూ చీమిడీ.

దారిలో చర్చి నుంచి వస్తున్న పాస్టరు అయ్యగారు ఎదురుపడి, పండగపూట ఆరాధన మానేశావేమమ్మా అని కొంచెం నొచ్చుకున్నారు. అమ్మమ్మ తల మీద ముసుగు సర్దుకుని అంది: "పసిబిడ్డ పండగ కదా బాబూ. పసిబిడ్డ కాడే ఉన్నాను."

ఆయన పిల్ల తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి వెళ్లారు.

నాన్న మళ్లీ రాలేదు. మా చెల్లి మా ఇంట్లోనే పెరిగింది, మా ఇంటి నుంచే పెళ్లయి వెళ్లింది. అమ్మమ్మ ఆఖరి రెండేళ్లూ మంచాన పడితే, సొంత మనవరాలిని నేను పిల్లలతో సతమతమవుతుంటే, తన దగ్గరికి తీసుకెళ్లి చూసుకున్నది అదే.

మొన్నీమధ్య ఆ కల్వర్టు సంగతి దాని దగ్గర ఎత్తాను. ఇన్నేళ్లకైనా క్షమించమని అడగాలనిపించింది. దానికి బస్సులు గుర్తు లేవు, నేను చెప్పిన అబద్ధమూ గుర్తు లేదు. "నన్ను సంకనేసుకుని ఎక్కడి నుంచో మోసుకొచ్చావు, అదొక్కటే గుర్తప్పా" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

అది మరిచిపోయింది కదా అని నేను మరవలేదు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్న పిల్లలకి "వస్తారులే" అని ఊరికే చెప్పడం ఆ రోజు నుంచీ నా వల్ల కాదు. నాకు తెలియదని చెప్పి, పక్కన కూర్చుంటాను.