ఉతికిన పంచె

మా ఎదురింటి బట్టల కొట్టు తాతగారు పోయారు. మొన్న పొద్దున్నే వాళ్ల కోడలు గుమ్మంలోకి వచ్చి, "మావయ్యగారు ఎల్లిపోనారమ్మి" అని అక్కడే కూలబడింది. డాక్టరు కాగితం మీద ఊపిరితిత్తుల జబ్బు అని రాశారు. అదెక్కడి నుంచి వచ్చిందో మా వీధిలో అందరికీ తెలుసు, రాసేవాళ్లే లేరు.

రాయగడ జిల్లాలో మాది చిన్న ఊరు. తెల్ల పంచెలంటే తాతగారి కొట్టే. ఊరి చివర ఫ్యాక్టరీ వచ్చాక, అరలో పైన ఉన్న పంచె మడతల వెంట నల్లబడేది. పొద్దున కొట్టు తెరవగానే ఆయన బల్ల మీద వేలితో రాసి, ఆ వేలు చూసుకునేవారు. దేవుడికి అగరొత్తి ఆ తర్వాతే.

సోమవారం సోమవారం ఆ దుమ్ము గురించి అర్జీ పట్టుకుని రాయగడ బస్సెక్కేవారు.

"ఏటన్నారు తాతా?" అని అడిగేదాన్ని.

"కూకోమన్నారమ్మి. కూకున్నాను."

అంతకంటే జవాబు ఆయనకు ఏనాడూ రాలేదు.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఫ్యాక్టరీవాళ్లు రెండో చిమ్నీ కడతామన్నారు. ఊరివాళ్ల మాట వినడానికి అధికారులు సభ పెట్టారు. తాతగారు నెల ముందే మా మేడ మీద కొత్త పంచె ఒకటి ఆరేశారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. సభకు ముందురోజు ఆయాసంతో మెట్లెక్కలేక, "ఆ పంచె రేపు సభకి అట్టుకురా అమ్మి" అని కబురు పెట్టారు.

కట్టుకోవడానికనుకున్నాను. అంత పెద్ద సభకు మాసిన పంచె ఏమిటని సబ్బు పెట్టి ఉతికాను. మూడుసార్లు నల్లటి నీళ్లు వచ్చాయి. అప్పుడైనా నా మట్టిబుర్రకు తట్టలేదు. నీలిమందు పెట్టి, ఇస్త్రీ చేసి తీసుకెళ్లాను.

ఆయన అధికారి ముందు నిలబడి పంచె విప్పారు. తెల్లగా మెరిసిపోతోంది. "ధులి కాహిఁ?" అన్నారు అధికారి, దుమ్మేదీ అని. ఫ్యాక్టరీవాళ్లు నవ్వారు. తాతగారు పంచెను అటూ ఇటూ తిప్పి చూసి, నావైపు చూశారు.

"ఉతికేసేం బాబూ" అని కూర్చున్నారు.

దారంతా ఏడ్చాను. "తప్పు నాదే అమ్మి. ఉతకొద్దని సెప్పలేదు. పంచె నల్లగా ఉన్నా ఆళ్లు సిమ్నీ కట్టీసేవోళ్లే" అన్నారాయన. నన్ను ఊరుకోబెట్టడానికన్నారో, నిజంగానే అన్నారో ఇప్పటికీ తెలియదు. చిమ్నీ మాత్రం లేచింది. ఆయన మంచం పట్టేదాకా సోమవారం బస్సు మానలేదు. ఇక ఆ బస్సెక్కేవాళ్లు లేరు. నేనెక్కుతానని చెప్పే ధైర్యం నాకూ లేదు.

మొన్న ఆయన మీద కప్పడానికి కోడలు ఆ పంచే తీసింది. కోరాపుట్ నుంచి కొడుకు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి గుండెల మీద మడతల్లో నల్లటి నలుసులు పేరుకున్నాయి.

"దులపమ్మి" అన్నారెవరో.

చెయ్యి చాపాను, దులపలేకపోయాను. ఆయన్ని అలాగే తీసుకెళ్లారు.