తిట్లు తిన్న సరంగు

మావయ్య పోయాడన్న కబురు వచ్చేసరికి నేను స్కూల్లో ఉన్నాను. ఫోన్లో అమ్మ ఏడవలేదు. "అన్నయ్య పొద్దున్నే టీ తాగాడే, గ్లాసు కింద పెట్టాడే, అంతేనే," అంది. డెబ్బై నాలుగేళ్ళకు అంత తేలిగ్గా వెళ్ళిపోవడం అదృష్టమని అందరూ అన్నారు. నాకు మాత్రం కోపం వచ్చింది. ఏ వేళకు తిరిగొస్తాడో చెప్పకుండా ఆయన ఎక్కడికీ బయలుదేరిన మనిషి కాదు.

మా అమ్మకు ఆయన ఒక్కడే అన్న. ముప్పయ్యేళ్ళకు పైగా పట్టిసీమ రేవు నుంచి గోదావరి మీద లాంచీ నడిపాడు. ఊరికి సరంగు గారు, నాకు మావయ్య. తాడు విప్పేముందు రేవులోని టీకొట్టు పిన్నితో "నాలుగింటికి వస్తాం పిన్నీ" అని చెప్పేవాడు. ఆ వేళ దాటితే ఆవిడ వెతకడానికి పడవ పంపాలి. అందుకని లెక్క ప్రకారం ఎక్కడ వెనక్కి తిరగాలో అక్కడే తిరిగేవాడు. పాపికొండలు ఇంకో మలుపులో ఉన్నా సరే, చుక్కాని తిప్పేసేవాడు. ప్రయాణికులు నోటికొచ్చినట్టు తిట్టేవారు. ఒకసారి ఎవరో పెళ్ళివారిని గాలి ఎక్కువైందని సగం దారిలో వెనక్కి తెచ్చాడు. గంటకల్లా గాలి ఆగి, ఏరు పళ్ళెంలో నీళ్ళలా నిలిచింది. ముహూర్తం మాత్రం తప్పింది. "ఆ పెళ్ళికొడుకు ఇప్పటికీ నాకు నమస్కారం పెట్టడు. అయినా పెళ్ళయింది, మనవలు కూడా పుట్టేశారు," అని నవ్వేవాడు.

అలాంటి మనిషి చేతికి నా కొండ వెళ్ళింది. నేను జంగారెడ్డిగూడెంలో సైన్సు టీచర్ని. రేవు పక్కన మా ఊళ్ళో ఎత్తంటే ఏటిగట్టే. ఆ గట్టు మీదే వీపున ఇసుక సంచీ కట్టుకుని మూడేళ్ళు పరుగెత్తాను. ఉత్తరాదిన మంచుకొండల మధ్య స్పితి లోయ లోపల, రోడ్డు నుంచి మూడు రోజులు నడిస్తే గాని కాళ్ళ దగ్గరికైనా చేరలేని మంచు శిఖరం ఒకటి ఎక్కాలని నా పంతం. ఆరువేల మీటర్లు దాటిన ఎత్తు. అమ్మ ససేమిరా అంది. ఇక నా పోరు పడలేక, "మావయ్య సరేనంటే వెళ్ళు," అంది. ఆయన ఒప్పుకోడని ఆవిడ ధీమా.

మావయ్య పాత క్యాలెండర్ చింపి, వెనకవైపు తెల్లగా ఉన్న పేజీ నేల మీద పరిచాడు. "ఏ రోజు ఎక్కడ పడుకుంటావో చెప్పు అమ్మడూ," అన్నాడు. అమ్మ ఆ పూటంతా అన్నగారితో మాట్లాడలేదు.

కొండ గురించి ఆయనకేమీ తెలియదు. ప్రమాదం గురించి చాలా తెలుసు. నేను గీసిన ప్రతి క్యాంపు దగ్గరా వేలు పెట్టి, "ఇక్కడ రేవేది?" అనేవాడు. మనిషికి తేడా చేస్తే అక్కణ్ణుంచి ఎటు దింపాలి, ఎంతసేపట్లో దింపాలి అని. సమాధానం లేని క్యాంపును కొట్టేసేవాడు. కొండ ఎక్కించే మా గైడుతో ఫోన్లో మాట్లాడాలంటే, అతనికి తెలుగు రాదు, ఈయనకు హిందీ రాదు. మధ్యలో నేను. "మా అమ్మాయికి తలనొప్పొచ్చి, వాంతులైతే ఏం చేస్తారో అడుగు," అన్నాడు. కిందికి దింపేస్తామన్నాడు గైడు. "శిఖరం కనబడుతున్నా సరేనా?" అంటే, అప్పుడు కూడా దింపేస్తామన్నాడు. "మనవాడే," అన్నాడు మావయ్య.

రోజుకు ఎంత ఎత్తు పెరగాలో గైడు చెబితే, ఆయన నడుమ నడుమ ఊరికే కూర్చునే రోజులు పెట్టాడు. అవిగాక మరో మూడు గాలి రోజులన్నాడు. గాలి వేస్తే లాంచీ కట్టేసుకుని కూర్చునేవారు, అలాగన్నమాట. సెలవు పెంచమని మా హెడ్మాస్టారు గారి ముందు నిలబడడం కొండెక్కడం కంటే కష్టమైంది.

ఇక సామాన్ల జాబితాలో నేను మొదట రాసింది పది కిలోల బియ్యం. గోదావరి వాళ్ళం, అన్నం లేకుండా ఎన్ని రోజులుంటాం! గైడు ఫోన్లో పడీపడీ నవ్వాడు. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ, నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో బియ్యం పలుకుగానే ఉండిపోతుందట. ఏటా నేను తొమ్మిదో తరగతికి చెప్పే పాఠమది. "ఏంటమ్మడూ, పాఠం పిల్లలకేనా?" అని మావయ్య బియ్యం కొట్టేసి అటుకులు రాశాడు.

శిఖరం ఎక్కే రోజుకు మాత్రం ఒక్కటే రాశాడు: మధ్యాహ్నం పన్నెండు గంటలు. "ఏటికి ఎదురెక్కడం ఎవడైనా ఎక్కుతాడు. వాలులో వచ్చేటప్పుడే పడవ మాట వినదు. ఒంట్లో సగం సత్తువ దిగడానికి దాచుకో." నేను రైలెక్కక ముందే రేవులో చాటేశాడు: ఫలానా రోజు పన్నెండింటికి మా అమ్మాయి ఎక్కడుంటే అక్కణ్ణుంచి తిరుగుతుంది.

ఆ రోజు పన్నెండయ్యేసరికి శిఖరం నా కళ్ళెదురుగా ఉంది. మంచు మెత్తగా ఉండి ఆలస్యమైంది. ఇంకో గంట నడకేమో. ఆకాశంలో మబ్బు తునక లేదు, నా కాళ్ళు బాగానే ఉన్నాయి. నాతో వచ్చిన స్నేహితురాళ్ళిద్దరూ నా మొహం చూశారు. గైడు వాచీ చూపించాడు. వెళ్దామని నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడు రేవు గుర్తొచ్చింది. నేను తిరిగానో లేదో వాళ్ళకు తెలియడానికి మరో నాలుగు రోజులు పడుతుంది. అయినా టీకొట్టు పిన్ని గడియారం చూసి, "ఇక దిగుతోందిలే," అని అమ్మతో అంటుంది. అమ్మ అప్పుడు గాని ఓ ముద్ద తినదు. ఆవిడ అక్కడ నిశ్చింతగా తింటుంటే నేనిక్కడ పైకి నడవలేకపోయాను. ఏడుస్తూ తిరిగాను.

సాయంత్రం దాకా వాతావరణం చెక్కు చెదరలేదు. మా వెనక వచ్చిన మరో జట్టు ఒంటిగంట దాటాక ఎక్కి, చీకటి పడేలోగా నవ్వుతూ క్షేమంగా దిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికి కూడా పోకుండా, బ్యాగుతో సహా తిన్నగా రేవుకు వెళ్ళాను. పదిమందిలో ఆయన్ని కడిగేశాను. "మూడేళ్ళు మావయ్యా! మూడేళ్ళు ఇసుక మోశాను. నీ పన్నెండు నా కొంప ముంచింది. ఏమీ కాలేదక్కడ, ఏమీ!"

ఆయన నా బ్యాగు అందుకుని బెంచీ మీద పెట్టాడు. టీ చెప్పాడు. నేను అలిసిపోయేదాకా తిట్టనిచ్చి, అప్పుడన్నాడు: "తిట్టమ్మా, బాగా తిట్టు. తిరిగి రానోళ్ళు తిట్టరు కదా. నన్ను తిట్టినోళ్ళంతా బతికున్నోళ్ళే."

టీ తాగుతూ కూడా కాసేపు గొణుగుతూనే ఉన్నాను. కోపం పూర్తిగా పోవడానికి నెలలు పట్టింది. ఆ శిఖరం నేనింకా ఎక్కలేదు. వచ్చే ఏడాది మళ్ళీ వెళ్తున్నాను, పన్నెండు గంటలతో సహా ప్లాను ఆయనదే. ఈ జన్మలో ఎక్కుతానో లేదో తెలియదు. బతికి రావడం నేర్పినందుకు ఆయనకు థాంక్స్ చెప్పానా అంటే, అదీ లేదు. తిట్టడమే సరిపోయింది.

ఆయన అస్థికలు కలిపే రోజు రేవు నిండిపోయింది. అందరికీ పడవెక్కాలనే ఉంది, ఎక్కేశాం కూడా. ఆయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు తలనెరిసిన సరంగు ఒకాయన తలలు లెక్కపెట్టి ఇంజను ఆపేశాడు. "ఏడుగురు ఎక్కువున్నారండి. దిగాలండి," అన్నాడు. ఎవరూ కదలకపోతే చివర ఎక్కినవాళ్ళను తనే వేలుపెట్టి చూపించాడు. అందులో నేనూ ఉన్నాను.

"మేనకోడల్నండీ! నన్ను దింపుతారేంటి?"

"మీరైనా సరేనండి."

దిగాం. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఏడుగురం ఆ సరంగును తిట్టడం మొదలుపెట్టాం. పెద్దాయనొకడు బుద్ధుందా అన్నాడు, ఒకావిడ మూడు తరాలను తవ్వింది. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. అరుస్తూనే ఎందుకో నవ్వొచ్చింది, పక్కవాళ్ళకూ వచ్చింది. పడవ మధ్య ఏటికి చేరి చిన్నదైపోయేదాకా, కళ్ళు తుడుచుకుంటూ, మేం తిడుతూనే ఉన్నాం.