ఒగ్వెనో నిలబడి తాగిన టీ

చివరిసారి వచ్చినప్పుడు ఒగ్వెనో టీ నిలబడే తాగాడు. "కూర్చో పెద్దాయనా, కుర్చీ కరుస్తుందా?" అంది పరిశోధకురాలు అకేయో. "ఇవాళ నిలబడాలనుంది తల్లీ" అన్నాడు, కింది ముందుపళ్ళు ఆరూ లేని నోటితో నవ్వుతూ. కెన్యాలోని కిసుము ఆసుపత్రిలో సున్తీ చేయించుకున్నవాళ్ళ చర్మపు ముక్కల్ని మంచుపెట్టెలో పెట్టి, రెండు గంటల్లోపు ఆమె ప్రయోగశాలకు చేర్చడం అతని పని. ఆ చర్మం లోపలి పొరలో ఒంటికి కాపలాకాసే కణాలుంటాయి. హెచ్.ఐ.వి. క్రిమి ముందు ఆ కాపలావాళ్ళనే పట్టుకుని, వాళ్ళ భుజాలెక్కి లోపలికి పోతుంది. అదెలాగో చూడాలంటే కణాలు బతికుండాలి. అందుకే గతుకు వచ్చినప్పుడల్లా పెట్టెతో "సర్దుకోండి నాయనా" అనేవాడు. ఒకసారి పోలీసు కారాపి, "చేపలేనా? తెరువు" అంటే, "తెరుస్తాను గానీ వండుకోనని మాటివ్వు" అన్నాడట.

అన్ని వయసులవాళ్ళవీ పోల్చి చూడాలి; అరవై దాటినవాడి ముక్క ఒక్కటైనా దొరక్కపోతే అకేయో రెండేళ్ళ కష్టం మూలపడేలా ఉంది. "నువ్వే ఇవ్వచ్చుగా" అని నర్సులు ఆటపట్టిస్తే, "మా లువో తెగలో కింది పళ్ళు పీకించుకుంటే చాలు, మగాళ్ళమైపోతాం. ఇంకా ఏం కొయ్యాలి?" అని కసిరేవాడు. నిలబడి టీ తాగిన ఆ రోజు పెట్టెలో అరవైరెండేళ్ళ మనిషిది వచ్చింది. అకేయో గంతేసింది. ఒగ్వెనో మాత్రం "కణాలు బతికున్నాయా?" అని రెండుసార్లు అడిగి వెళ్ళాడు.

మర్నాడు సాయంత్రం పిడుగుపడి పోయాడు. పలకరించడానికి వెళ్తే అతని భార్య అకేయో చెయ్యి పట్టుకుని, "ఆ ముక్క పనికొచ్చిందా అమ్మా? తనదేనని చెప్పొద్దన్నాడు, నువ్వు సిగ్గుపడతావని" అంది. "వచ్చిందమ్మా" అంది అకేయో, ఆయన కణాలు ఇంకా బతికే ఉన్నాయన్న మాట మింగేసి.