మూడో పిలుపు

బందరులో జ్ఞానయ్యగారి కబుర్లను నిజమని నమ్మే మనిషి ఒక్కరే మిగిలారు, మనవరాలు బ్లెస్సీ. తుఫానులో చేప వీపెక్కి దివిసీమ దాటానని ఆయనంటే, "ఆ చేప పేరేంటి తాతా?" అని అడిగేది.

బ్లెస్సీకి పుట్టుకతోనే విలియమ్స్ సిండ్రోమ్. జన్యువుల్లో ఓ చిన్న ముక్క లేదన్నారు డాక్టరు. "బిడియం ఆ ముక్కలో ఉండిపోయిందండీ" అనేవారు జ్ఞానయ్యగారు. గుడివాడ బస్టాండులో ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతులు పట్టుకుని, వాళ్ల అమ్మల ఆరోగ్యం కనుక్కునేది. మాటలకేం కొదవ లేదు. ఎదుటివాళ్ల మాట వెనక ఉన్న మాటే ఆ పిల్లకి అందదు. ఓసారి పక్కింటి సుగుణగారు గుమ్మంలోంచి మర్యాదకి "భోంచేసి వెళ్లండి" అంటే, చెప్పులు విడిచి వెళ్లి కంచం ముందు కూర్చుంది. ఆ పూట సుగుణగారింట్లోవాళ్లు ఉప్మాతో సరిపెట్టుకున్నారు.

పాలకాయతిప్పలో ఉండే జ్ఞానయ్యగారి మరదలు, తమ్ముడి భార్య ఆనందమ్మ, వేసవి సెలవులకి పిల్లలందర్నీ పిలిచేది. బ్లెస్సీని మాత్రం పిలిచేది కాదు. "నన్నెప్పుడు పిలుస్తుంది తాతా?" అని ప్రతి ఏడూ అదే ప్రశ్న. ఈసారి జ్ఞానయ్యగారు పంతం పట్టి, పిల్లని వెంటబెట్టుకుని బస్సెక్కారు. దారంతా పాఠమే.

"ఎవరేం పెడతానన్నా, ఉండమన్నా, రెండుసార్లు 'వద్దండీ, ఇప్పుడే తిన్నాం' అనాలి. మూడోసారి అడిగితేనే సరే అనాలి."

"ఆకలేస్తేనో?"

"ఇంకా గట్టిగా అనాలి."

బ్లెస్సీ బుద్ధిగా వచ్చి కుర్చీలో కూర్చోవడం చూసి ఆనందమ్మ ముచ్చటపడింది.

"ఈ సెలవులకి ఇక్కడే ఉంటావేంటే?"

"వద్దండీ, ఇప్పుడే తిన్నాం."

"నిజంగానే అడుగుతున్నానే. ఉండవూ?"

"వద్దండీ, ఇప్పుడే తిన్నాం!"

ఆనందమ్మ మొహం చిన్నబోయింది. "సర్లే, ఇష్టం లేనిదే బలవంతమేముంది" అంటూ లోపలికి నడిచింది.

కళ్లనిండా నీళ్లతో, వీధంతా వినబడేలా గుసగుసలాడింది బ్లెస్సీ. "తాతా, నేను రెండుసార్లూ సరిగ్గానే చెప్పాను. చిన్న నానమ్మే మూడోసారి అడగడం మర్చిపోయింది."

ఆనందమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది.

"మీ నిర్వాకమేనా బావగారూ? మనకున్న ఈ మొహమాటాల జబ్బుని పిల్లకి కూడా అంటించారా!" అని, కిందికి వంగి, "ఉంటావటే బంగారం?" అంది.

"ఉంటానండీ!" బ్లెస్సీ ఆవిడ నడుం చుట్టేసింది.

వంటింట్లో పండుగప్ప చేప పులుసు ఘుమఘుమలాడుతోంది. "మీరూ భోంచేసి వెళ్లండి బావగారూ" అంది ఆనందమ్మ.

పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు. "వద్దమ్మా, ఇప్పుడే తిన్నాను" అనేశారాయన.

"సరేనండి అయితే" అని కొంగు చాటున నవ్వుతూ లోపలికి వెళ్లిపోయింది మరదలు.

రెండో పిలుపు కోసం ఆయన ఇంకా గుమ్మంకేసి చూస్తుండగానే, బ్లెస్సీ తాతగారి చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.